మూడు నిమిషాలయింది, పొడిగించమంటారా?

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె హలో పిన్నే. డెబ్బై రెండేళ్లు. గుప్పిట్లో ఇమిడే ఫోను చేతికొచ్చి ఇన్నేళ్లయినా, అది మోగిందంటే చాలు, కూర్చున్నచోటే వెన్ను నిటారుగా చేసి, చెవి మీది వెంట్రుకలు వెనక్కి తోసుకుని, "చెప్పండి, ఏ నంబరు కావాలి?" అంటుంది. ఒకసారి కూరగాయలాయన హడలిపోయి, "నంబరేమీ వద్దమ్మా, టమాటాలు దిగాయని చెబుదామని చేశాను" అని ఠక్కున పెట్టేశాడు.

వృత్తి మనిషిని వదలదు. నాలుగు ఊళ్లు తిరిగినవాళ్లెవరికైనా ఈ సంగతి తెలుసు. చెప్పులు కుట్టేవాడు మనుషుల్ని కిందనుంచి పైకి చూస్తాడు, క్షురకుడు పైనుంచి కిందికి చూస్తాడు. ఇద్దరూ ఒకే మనిషిని చూసినా వాళ్ల చూపులు ఎక్కడా కలవవు. పడవ నడిపి నడిపి మానేసిన ముసలాయన గట్టు మీద కూడా కాళ్లు ఎడంగా వేసుకునే నిలబడతాడు, భూమి ఎప్పుడు ఒరుగుతుందోనని. హలో పిన్నికి ఆ ఒరుగుడు మెడలో ఉంది. ఎవరైనా మాట్లాడుతూ ఉంటే సరిగ్గా మూడు నిమిషాలకు ఆమె మెడ కుడివైపుకు ఒక్క పిసరు తిరుగుతుంది. అటువైపు గోడా కిటికీ తప్ప ఏమీ ఉండవు. ఒకప్పుడు అటు గడియారం ఉండేది.

ఆ గడియారం టెలిఫోను ఎక్స్ఛేంజి మేడ మీద, పొడవాటి గదిలో ఉండేది. కింద సైకిళ్లు నిలిపే చోటు, పక్కన ఇనుప మెట్లు. మెట్లెక్కి తలుపు తీయగానే వేడెక్కిన దుమ్ము వాసన, ఇత్తడి వాసన, పదకొండు తలల కొబ్బరినూనె వాసన కలిసి ముఖాన కొట్టేవి. గోడ పొడుగునా చెక్క బోర్డు. బోర్డు నిండా రంధ్రాలు, ప్రతి రంధ్రం మీదా కందిగింజంత దీపం. బోర్డు ముందు పదకొండు ఎత్తు కుర్చీలు, పదకొండు మంది ఆడవాళ్లు. దీపం వెలిగితే ఎవరో పిలుస్తున్నట్టు. ఇత్తడి మొన ఉన్న తాడు ఒకటి లాగి ఆ రంధ్రంలో గుచ్చి, జంట తాడును కావలసిన రంధ్రంలో గుచ్చితే ఇద్దరు మనుషులు కలిసినట్టు. మాటలయ్యాక పీకి వదిలితే తాళ్లు సరసరా పాము పుట్టలోకి దూరినట్టు లోపలికి దూరేవి. చెవులకు తొడిగే పట్టీ, గుండెల మీదకు వంకరగా వచ్చే నల్లటి మాటగొట్టం రెండూ కలిపి వాళ్లు 'కొమ్ము' అనేవాళ్లు. పనిలో కూర్చోవడం అంటే కొమ్ము పెట్టుకోవడం. ఇంటికి వెళ్లడం అంటే కొమ్ము దించడం.

ఈ మాట ఇంట్లో తెలిసిన రోజున అత్తగారు ఊరుకుంటుందా? "మా కోడలికి కొమ్ములొచ్చాయమ్మా" అని ఇరుగూపొరుగూ అందరికీ చాటింపు వేసింది. "ఒక్కటే లెండి, రెండోది ప్రమోషనుకు వస్తుందట."

దూరపు ఊళ్లకు మాట్లాడాలంటే ఆ రోజుల్లో ముందు ఎక్స్ఛేంజికి ఫోను చేసి నంబరు రాయించాలి. ఆ నంబరు చీటీ మీదకెక్కుతుంది. గంటకో రెండు గంటలకో లైను దొరికితే ఆపరేటరమ్మ పిలిచి కలుపుతుంది. కలిపాక మూడు నిమిషాలు. సరిగ్గా మూడో నిమిషం చివర ఆమె గొంతు మధ్యలో దిగేది: "మూడు నిమిషాలయింది. పొడిగించమంటారా?" ఆ మాటకు జనం ఎన్ని రకాలుగా జవాబు చెప్పేవాళ్లో రాస్తే ఒక పుస్తకం అవుతుంది. కొందరు అంతవరకూ వాతావరణం గురించి మాట్లాడి, అప్పుడు హఠాత్తుగా అసలు సంగతి గుర్తొచ్చి గోల పెట్టేవాళ్లు. కొందరు గబగబా ఏడ్చేవాళ్లు. ఒక పెద్దాయన ప్రతిసారీ, "పొడిగించు తల్లీ, నా మాట కాదు, నా ఆయుష్షు" అనేవాడు. ఆయన ఒక రోజు మాట్లాడడం మానేశాడు. ఆ నంబరు చీటీ రాని వారం ఆ గదిలో పదకొండు మందికీ తెలిసిపోయింది. ఎవరూ పైకి అనలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ గదిలో విన్నది ఆ మెట్లు కూడా దిగకూడదని వాళ్ల నియమం.

హలో పిన్ని పంతొమ్మిదో ఏట ఆ కుర్చీ ఎక్కింది. పదేళ్లు తిరిగేసరికి ఆ గదిలో ఆమెను మించినవాళ్లు లేరు. లైను బాగా లేక అవతలి మాట ముక్కలు ముక్కలుగా వచ్చినప్పుడు ఆమె ఆ ముక్కల్ని ఏరి, మధ్యలో ఖాళీలు తనే పూరించి, రెండోవైపుకు పూర్తి వాక్యంగా అందించేది. "వాళ్లు 'శ... రం... వస్...' అంటున్నారండీ, శనివారం వస్తామంటున్నారు." నూటికి తొంభై తొమ్మిదిసార్లు అదే నిజమయ్యేది. మనిషి సగం పలికితే తక్కిన సగం ఆమె నాలుక మీద ఉండేది. కంగారుపడేవాళ్లతో ఆమె అనే మాటొకటి ఊరంతా తెలుసు: "నిదానంగా చెప్పండి. నేను లైన్లోనే ఉన్నాను."

ఇంట్లో ఆమె భర్త కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసేవాడు. అందరూ కళ్లజోళ్లాయన అనేవాళ్లు. ఓర్పుకు మారుపేరు. రోజంతా గుండ్రటి గాజుముక్కను తడిరాయి మీద తిప్పితే వెంట్రుకవాసి తరుగుతుంది. అలాంటి పనిచేసే మనిషికి తొందరెందుకుంటుంది? కూతురు పుట్టినప్పుడు ఆయన అన్నాడు: "నువ్వు చెవివి, నేను కన్నును. దీన్ని నోరు చేద్దాం."

చిట్టికి అయిదో ఏట నత్తి వచ్చింది.

పెద్ద నత్తి. మొదటి అక్షరం దగ్గరే మాట ఇరుక్కుపోయేది, తలుపులో చీరకొంగు ఇరుక్కున్నట్టు. లాగితే చిరుగుతుంది, ఆగితే ఆలస్యం. వాళ్ల నాన్న చేతిలో గాజుముక్క తుడుచుకుంటూ వినేవాడు. నాన్నమ్మ వినేది కాదు గానీ, వంటింట్లో తన పని తను చేసుకుంటూ ఉండేది కాబట్టి పిల్లకు ఇబ్బంది లేదు. అమ్మ మాత్రం సాయం చేసేది. అదే వచ్చిన చిక్కు. "అ... అ... అమ్మా, నా... నా..." "నీళ్లా? ఇదుగో." "నా... నా పు..." "పుస్తకం కనబడలేదా? మంచం కింద చూడు." నూటికి తొంభై తొమ్మిదిసార్లు సరిపోయేది. చిట్టి తలూపేది. క్రమంగా పిల్లకు నోరు తెరిచే అవసరమే లేకుండా పోయింది: అమ్మ అడుగుతుంది, అమ్మే చెబుతుంది, పిల్ల తలూపుతుంది. "నా కూతురి మనసులో మాట దాని నాలిక కంటే నాకే ముందు తెలుసు" అని ఆమె ఎక్స్ఛేంజిలో గొప్పగా చెప్పుకునేది.

ఆ మూడు నిమిషాలు ఇంటికీ వచ్చేవి. భర్త దుకాణం కబుర్లు చెబుతుంటే సరిగ్గా ఆ వేళకు మెడ తిరిగేది, "సరే మరి" అంటూ ఆమె లేచేది. ఆయన నవ్వి, "పొడిగించండి మేడం" అనేవాడు. అదే ఆ ఇంట్లో ఒక ముచ్చటైంది. అత్తగారికైతే ఇంట్లో గడియారమే అక్కర్లేకపోయింది. గుడ్డు పొయ్యి మీద పడేసి, "కోడలా, గుడ్డు!" అని కేకేసేది. హలో పిన్ని జడ వేసుకుంటూనే, ఏ గదిలో ఉన్నా, వేళకు "దించండత్తయ్యా" అనేది. పచ్చసొన మధ్యలో కాస్త జారుగా, బంగారంలా ఉండేది. ముసలావిడ తిని, "నీ ఉద్యోగం వల్ల ఈ ఇంటికి ఒరిగింది ఇదొక్కటే" అనేది.

అందులో కొంత ఎత్తిపొడుపు, కొంత నిజం. ఎందుకంటే అప్పటికి ఏడాదిగా హలో పిన్ని 'డబుల్' చేస్తోంది. తన పూట అయ్యాక ఇంకొకరి పూట కూడా కూర్చోవడాన్ని వాళ్లు డబుల్ అనేవాళ్లు. కారణం పెద్దక్క. పెద్దక్క అంటే ఆ గదికి పెద్ద. మధ్యలో చేతులున్న కుర్చీ ఆమెది ఒక్కదానిదే. ముప్పై నాలుగేళ్లుగా అందులో కూర్చున్న మనిషి వచ్చే వారం కొమ్ము దించబోతోంది. ఆ కుర్చీ ఎవరిదన్నది శుక్రవారం పదకొండింటికి పై అధికారి వచ్చి తేలుస్తాడు. హలో పిన్నిదే అని గోడలకు కూడా తెలుసు. ఆ కుర్చీ చేతుల మీది నునుపును, పెద్దక్క లేనప్పుడు, ఆమె ఒకటి రెండుసార్లు వేళ్లతో తడిమి చూసుకుంది కూడా. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈమె రచ్చ గెలిచి ఇల్లు చేరేసరికి ఇల్లు అన్నం తిని పక్కలు వేసుకునేది.

ఆ వారం సోమవారం సాయంత్రం, డబుల్‌కు ముందు దొరికిన అరగంటలో ఆమె ఇంటికొచ్చి ముఖం కడుక్కుంటోంది. చిట్టి వచ్చి పక్కన నిలబడింది. తొమ్మిదేళ్ల పిల్ల, చేతిలో పాఠం పుస్తకం, ముఖమంతా ఎర్రగా.

"అ... అమ్మా, శు... శుక్రవారం... బ... బళ్లో... చ... చ..."

"చదవాలా? అందరి ముందూ పాఠం చదవమన్నారా?"

తలూపింది. "న... న... నువ్వు..."

"'నాకు చదవడం రాదని టీచరుకు నువ్వు రాసివ్వు' అంటావు, అంతేగా?" ఆమె తువ్వాలు మీదనుంచి చూసింది. "పిచ్చి పిల్లా, దానికింత ఏడుపు ముఖమెందుకు? ఇప్పుడే రాసిస్తా."

చిట్టి నోరు తెరిచే ఉంది. ఆ నోరు అలాగే కొంతసేపుండి మూసుకుంది. మెల్లగా తలూపింది.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు" అంది నాన్నమ్మ వంటింట్లోంచి, కోడల్ని మెచ్చుకుంటున్నాననుకుని. "మా కోడలు అడక్కుండానే పెడుతుంది."

ఉత్తరం రెండు వరుసలు. 'మా అమ్మాయికి మాట తడబడుతుంది కాబట్టి శుక్రవారం చదవడం నుంచి మినహాయించగలరు.' మడిచి పుస్తకంలో పెట్టి, పిల్ల బుగ్గ గిల్లి, ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది. దారిలో, బిడ్డకు ఒక మేలు చేశానన్న తృప్తితో నడిచింది. మనం చేసే పెద్ద తప్పులు చాలావరకు ఇలాంటి తృప్తితోనే ఇంటినుంచి బయల్దేరతాయి.

బుధవారం మధ్యాహ్నం మూడున్నర. బోర్డుకు ఒక కొసన, నంబర్లు రాసుకునే కుర్చీలో ఆ రోజు వంతు హలో పిన్నిది. బయట సన్నగా వాన. వానొస్తే లైన్లన్నీ నూనెలో ఆవాలేసినట్టు చిటపటలాడతాయి. దీపం వెలిగింది. తాడు గుచ్చింది.

"చెప్పండి, ఏ నంబరు కావాలి?"

చిటపట. ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు. "మ... మ... మ..."

'లైను తెగుతోంది' అనుకుంది ఆమె. పదమూడేళ్ల అనుభవం ఆ మాట చెప్పింది. "లైను సరిగ్గా లేదండీ. కంగారుపడకండి. నిదానంగా చెప్పండి. నేను లైన్లోనే ఉన్నాను."

అవతలి గొంతు కాస్త ధైర్యం తెచ్చుకుంది. "మా... మా అమ్మకి... ఒ... ఒక... మా... మాట చె... చె..."

"మీ అమ్మగారికి మాట చెప్పాలి. సరే. అమ్మగారు ఏ ఊళ్లో ఉన్నారు?"

"ఈ... ఈ..."

"ఈ ఊరేనా? ఊళ్లో ఫోనైతే మీరే నేరుగా చేసుకోవచ్చు కదండీ. అమ్మగారి నంబరు చెప్పండి."

"ఇ... ఇ... ఇదే..."

ఆ 'ఇదే' చిటపటల్లో సగం మునిగిపోయింది. ఆమె ఇంకో చేత్తో చీటీల కట్ట సర్దుకుంటూ, విసుక్కోకుండా, ఎప్పటిలా తీయగా "ఊ... చెప్పండి... ఊ..." అంటోంది. అవతల మాట వస్తోంది, ఆగుతోంది, వస్తోంది. 'రా' అన్నట్టుంది. 'కా... కాగితం' అన్నట్టుంది. ఆమె ముక్కలు ఏరుతోంది. ఏరుతుండగానే మెడ కుడివైపుకు ఒక్క పిసరు తిరిగింది. గడియారం చూడలేదు, చూడక్కర్లేదు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"మూడు నిమిషాలయింది. పొడిగించమంటారా?"

"వద్దు."

ఒక్క మాట. నత్తి లేదు, తడబాటు లేదు, చిటపట కూడా లేదు. అద్దంలా వచ్చింది. ఆ వెంటనే ఫోను పెట్టేసిన చప్పుడు.

పక్క కుర్చీ ఆవిడ తన కొమ్ము పక్కకు తోసి నవ్వుతోంది. "ఏమేవ్, ఊళ్లో ఫోనుకు, చీటీ కూడా రాయని పిలుపుకు మూడు నిమిషాలేమిటే? డబుల్స్ చేసీ చేసీ బుర్ర గడియారమైపోయిందా?"

హలో పిన్ని నవ్వలేదు. చేతిలో తాడు అలాగే ఉంది. ఆ 'వద్దు' చెవిలోంచి పోవడం లేదు. ఆ గొంతు ఆమె విని ఎన్ని నెలలైంది? పిల్ల ఊపిన తల కళ్ల ముందుంది, తెరిచి మూసుకున్న నోరు కళ్ల ముందుంది; గొంతు మాత్రం జ్ఞాపకం లేదు. ఊళ్లో ప్రతి ఇంటి గొంతూ గుర్తుపట్టగల మనిషి, దగ్గును బట్టి డాక్టరుగారని, నిట్టూర్పును బట్టి పోస్టుమాస్టరని చెప్పగల మనిషి, సొంత కూతుర్ని పాడైన లైను అనుకుంది.

కొమ్ము దించింది. బోర్డు మీద దీపాలు వెలుగుతుండగా కొమ్ము దించడం ఆ గదిలో ఎవరూ ఎరగరు. పది తలలూ ఇటు తిరిగాయి.

పెద్దక్క చేతుల కుర్చీలోంచి లేచి వచ్చింది. "ఏమైందే?"

"మా చిట్టి ఫోను చేసిందక్కా. నేను... నేను పొడిగించమంటారా అన్నాను."

ముప్పై నాలుగేళ్లు సగం మాటలు విన్న పెద్దక్కకు ఆ సగం చాలు. ఎత్తు కుర్చీ ఎక్కి, ఆ కొమ్ము తన తలకు తొడుక్కుంది. "వెళ్లు. నేను కూర్చుంటా. నా కోసం ఎవరూ ఇంతవరకు ఒక్క ఫోనన్నా చేయలేదే. వస్తే ఏం చేయాలో నాకేం తెలుసు? నీకు తెలియాలి." అని వెలుగుతున్న దీపం దగ్గర తాడు గుచ్చి, "చెప్పండి, ఏ నంబరు కావాలి?" అంది, ఏమీ జరగనట్టు.

కళ్లజోళ్ల దుకాణం మూడు సందుల అవతల. చెప్పుల్లో వాననీళ్లతో ఆమె గుమ్మంలో నిలబడింది.

"ఇప్పుడే వెళ్లింది" అన్నాడు ఆయన, అద్దం తుడుచుకుంటూ. "ఫోను కావాలంటే ఎత్తిచ్చాను. ఎవరికే అంటే నవ్వింది. ఎంత పెద్ద నవ్వో! ఫోను పెట్టాక ఆ నవ్వు లేదు. ఎవరికి చేసింది?"

"నాకు."

ఆయన అద్దం బల్ల మీద పెట్టాడు. "నీకా? ఇంట్లో ఉండే తల్లికి ఫోనెందుకు..." అని ఆగిపోయాడు. తర్వాత చాలా మెల్లగా, "మొన్న నన్నడిగింది. అమ్మ ఫోన్లో అందరితోనూ అంత బాగా మాట్లాడుతుందా నాన్నా, అని. ఆ ఒక్క ముక్క అడగడానికి దానికి చాలాసేపు పట్టింది. అవునన్నాను. ఫోన్లో అయితే అందరి మాటా వింటుంది మీ అమ్మ, అన్నాను. సరదాకే అన్నానే."

ఆమె ఇల్లు చేరేసరికి చిట్టి వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. వాన వెలిసింది. చూరునుంచి చుక్కలు ఒక్కొక్కటే పడుతున్నాయి. ఆమె పక్కన కూర్చుంది. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియలేదు. వేలమందికి మాట కలిపిన మనిషికి. చివరకు నోటికొచ్చిన మాటే అంది.

"చెప్పండి. నేను లైన్లోనే ఉన్నాను."

చిట్టి అటు తిరిగి ఉంది. తర్వాత, "కా..." అంది.

'కాగితం.' ఆ మాట ఆమె నాలుక కొసన సిద్ధంగా ఉంది. దాన్ని ఆపడానికి ఆమెకు వేరే దారి దొరకలేదు. చీరకొంగు ఇంత ముద్ద చేసి నోట్లో కుక్కుకుంది. చిట్టి అమ్మ ముఖం చూసి, ఏడవబోయి, నవ్వబోయి, రెండూ చేసింది.

"కా... కాగితం... చిం... చిం... చింపేశాను."

కొంగు నోట్లోనే ఉంది. ఆమె తలూపింది. ఆ ఇంట్లో ఇన్నాళ్లూ ఎవరు ఊపిన తల, ఇప్పుడు ఎవరు ఊపుతున్నారో చూడండి.

"కోడలా! వచ్చావా? గుడ్డు వేశాను!" అని వంటింట్లోంచి కేక.

చిట్టి చెబుతోంది. మధ్యలో ఆగుతోంది. ఆగినప్పుడు చూరు చుక్కలు వినబడుతున్నాయి. మెడ తిరగబోయింది. హలో పిన్ని రెండు చేతులతో తన గడ్డం పట్టుకుని, ముఖాన్ని కూతురి వైపే ఉంచుకుంది.

"కోడలా! గుడ్డు!"

"నే... నేను... చ... చదువుతాను. న... నువ్వు... రా... రాసివ్వమని... కా... కాదు." చిట్టి రెండు పిడికిళ్లూ మోకాళ్ల మీద బిగించింది. "రా... రమ్మని. వ... వచ్చి... వి... వినమని."

ఆ రోజు గుడ్డు రాయి అయింది. నీళ్లన్నీ ఇగిరిపోయి, గిన్నె మాడి, గుడ్డు పెంకు పగిలింది. నాన్నమ్మ దాన్ని చెంచా మీద పెట్టి వరండాలోకి తెచ్చి, తల్లీకూతుళ్లను చూసి, తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని, లోపలికి తీసుకెళ్లి తనే తినేసింది. "పళ్లు లేనిదాన్ని, దొరికిందే నమలాలి" అన్నదట తర్వాత.

చిట్టి బళ్లో చదివేది శుక్రవారం పదకొండింటికి. అధికారి వచ్చేదీ అదే రోజు, అదే గంట. గురువారం పొద్దున హలో పిన్ని వెళ్లి పెద్దక్కతో, "నేను రేపు రాను" అంది.

"అధికారి నీకోసమే వస్తున్నాడే."

"తెలుసు."

"ఒక్క గంట ముందుకు జరపమని అడగనా?"

"అడుగక్కా" అంది, ఆశగా. ఆమె దేవత కాదు. ఆ కుర్చీ చేతుల నునుపు ఇంకా వేళ్లకు తగులుతూనే ఉంది. పెద్దక్క అడిగింది. పై అధికారి, తనకు ఆ రోజు ఇంకా రెండు ఊళ్లున్నాయని, ఉన్నవాళ్లలోనే చూస్తానని అన్నాడు. చూశాడు. చేతుల కుర్చీ కాస్తా పక్క కుర్చీ ఆవిడకు వెళ్లింది.

బడి గదిలో ఆమె చివరి బల్ల మీద, తొమ్మిదేళ్ల పిల్లల కోసం చేసిన బల్ల మీద, మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంది. చిట్టి లేచి పుస్తకం పట్టుకుంది. పాఠం ఒక్క పేజీ, నది గురించి. మొదటి మాటే 'నది'. ఆ 'న' దగ్గర ఎంతసేపు ఆగిందంటే, నిజంగా నదైతే ఈపాటికి సముద్రంలో కలిసేది. పిల్లలు మొదట కిసకిసలాడారు. తర్వాత మానేశారు. తర్వాత, ఎందుకో, వాళ్లూ పుస్తకంలో వేలు పెట్టి, చిట్టి ఆగినచోట వాళ్లూ ఆగడం మొదలుపెట్టారు. టీచరమ్మ మంచిదే. పిల్ల బాధ చూడలేక, గోడ గడియారం వైపు చూసి, లేచి అంది:

"చాలమ్మా. బాగా చదివావు. వేళ అయిపోయింది. ఇక కూర్చో."

చివరి బల్ల నుంచి ఒక గొంతు వచ్చింది. గట్టిగా లేదు. తీయగా, స్పష్టంగా, ఊళ్లో ఫోనున్న ప్రతి ఇంటికీ తెలిసిన గొంతు.

"పొడిగించండి."

టీచరమ్మ ఆశ్చర్యంగా అటు చూసింది. ఆ గొంతు ఎక్కడ విన్నానా అని ఆలోచించి, గుర్తొచ్చి, నవ్వు ఆపుకుని, మళ్లీ కూర్చుంది. వేలసార్లు ఇతరుల్ని అడిగిన ఆ మాటను హలో పిన్ని తన కోసం అడగడం అదే మొదటిసారి. పేజీ పూర్తి కావడానికి పదిహేడు నిమిషాలు పట్టింది. ఎంత పట్టిందో ఆమెకు మాత్రం తెలియదు. చిట్టే ఇంటికొచ్చాక నాన్నకు చెప్పింది.

ఆ తర్వాత ఇరవై ఆరేళ్లు ఆమె చేతుల్లేని ఎత్తు కుర్చీలోనే కూర్చుంది. ఒక పూట, ఒకే పూట. డబుల్ అడిగితే, "మా ఇంట్లో లైను ఖాళీ లేదు" అనేది. అప్పుడప్పుడు మధ్య కుర్చీ వైపు చూసి చిన్నగా నిట్టూర్చేది కూడా, అబద్ధమెందుకు? నడుం నొప్పి పుట్టిన రోజుల్లో మరీనూ. బోర్డులు పోయి, తాళ్లు పోయి, గదిలో లైన్లు వాటంతటవే కలిపే, గుయ్యిమనే ఇనుప బీరువాలు వచ్చినప్పుడు అందరూ ఒకేసారి కొమ్ములు దించారు. ఆ మేడ ఇప్పుడు కుర్చీలూ బల్లలూ అమ్మే దుకాణం. వెళ్లినప్పుడల్లా ఆమె కుర్చీల చేతుల్ని ఒకసారి వేళ్లతో తడిమి వస్తుంది. ఏదీ కొనదు.

చిట్టి నత్తి పోలేదు. పోతుందని ఎవరూ చెప్పలేదు, హలో పిన్ని ఆశించనూ లేదు. చిట్టి పెరిగి, వేరే ఊళ్లో మొక్కలు పెంచి అమ్ముతోంది. రోజూ నాలుగింటికి ఫోను చేస్తుంది. ఇప్పుడు నంబరు రాయించక్కర్లేదు, చీటీ లేదు, నిమిషాల లెక్క లేదు. హలో పిన్ని వరండా మెట్టు మీద, ఫోను చెవికి పెట్టుకుని, ఎడమచేత్తో గడ్డం పట్టుకుని కూర్చుంటుంది. ఒక్క మాటా మాట్లాడదు. కొంగు మాత్రం చేతికందేలా ఉంచుకుంటుంది.

మొన్న పక్కింట్లో కొత్తగా దిగిన అమ్మాయి ఆ మౌనం చూసీ చూసీ ఉండబట్టలేక, గోడ మీదుగా తొంగిచూసి అంది:

"పిన్నీ, చాలాసేపటినుంచి ఏం వినబడుతున్నట్టు లేదే? లైను కట్టయిందేమో చూసుకోండి."

హలో పిన్ని ఫోను చెవినుంచి తీయకుండానే, ఉండమన్నట్టు చెయ్యి ఊపింది.

"లేదమ్మా. మా చిట్టి లైన్లోనే ఉంది."